కలకత్తాకి గంటా ఇరవై నిమిషాలు

రంగూన్, సేక్కాన్ గోదాముల వెనక వీధి
5 జూన్ 1966

తాతకి రత్నం దణ్ణాలు.

ఈ ఉత్తరం నీకు చదివి వినిపించే కనకరాజు మాస్టారికి నమస్కారాలు. దారిలో దీన్ని విప్పి చదివే ఆఫీసులోని పెద్దమనిషికి కూడా ఒక నమస్కారం. అక్కడ తెలుగు వచ్చినవారు ఒక్కరే ఉన్నట్టున్నారు. అందుకే మన ఉత్తరాలకి నెల పడుతోంది.

పోయిన ఉత్తరంలో నువ్వు "ఊరికే" ఒక సంగతి అడిగావు. రంగూన్ నుంచి కలకత్తాకి విమానంలో ఎంత దూరం, ఎంతసేపు అని. ముప్పై ఏళ్ళు ఓడల మీద బియ్యం బస్తాలు ఎక్కించిన మేస్త్రీకి విమానాల మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో నాకు తెలియదు. అయినా అడిగావు కనుక కనుక్కున్నాను. నాతోపాటు సర్కారు దుకాణం పీపుల్స్ స్టోర్‌లో బట్టల బల్ల దగ్గర పనిచేసే బర్మా అమ్మాయి మా ఖిన్ వాళ్ళ అన్నయ్య మింగళాడోన్‌లో విమానాశ్రయం ఉద్యోగి. ఆయన టైము కాగితం తెచ్చి ఇచ్చాడు. దూరం ఆరువందల నలభై మైళ్ళు. రంగూన్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకి బయలుదేరి, కలకత్తాలో రెండూ ఇరవైకి దిగుతుంది. అంటే గంటా ఇరవై నిమిషాలు. తిరిగి అక్కడ మూడూ ఇరవైకి బయలుదేరి, ఇక్కడ ఆరూ నలభైకి దిగుతుంది. అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు.

పోవడానికి అంత తక్కువ, రావడానికి అంత ఎక్కువ ఎందుకని నువ్వు అడుగుతావని ముందే ఆలోచించి పెట్టుకున్నాను. అది గాలి వల్ల. పోయేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురు కొడుతుంది. పదో తరగతి భూగోళంలో చదివాను.

ఇదంతా అమ్మమ్మకి చెప్పాను. ఎండు రొయ్యలు చెరుగుతోంది. చేట ఆపి నావైపు చూసింది.

"అదే ఇమానం, అదే ఆకాసం. పోడానికి గంటా ఇరవై, రాడానికి మూడు గంటల ఇరవయ్యా? దీంట్లో ఏదో మోసం ఉన్నాదే. పోయేవోల్ని బేగి తోలీసి, వచ్చేవోల్ని రానీకుండా సేత్తన్నారు," అంది. మళ్ళీ చెరగడం మొదలుపెట్టి, "ఐనా మీ తాతకెందుకంట? ఆడెక్కుతాడా, ఆడి తాతెక్కుతాడా?" అంది.

మాస్టారూ, మీరు తాతకి కొత్తగా ఉత్తరాలు రాసిపెడుతున్నారు కనుక మీకు తెలియకపోవచ్చు. రెండేళ్ళ క్రితం ఇక్కడి మనవాళ్ళు వేలమంది ఓడలెక్కి వెళ్ళిపోయినప్పుడు, పని పోయిన మా తాత కూడా ఎక్కాడు. అమ్మమ్మ ఎక్కలేదు. "రత్నం పదో తరగతి అయిందాకా నాను కదల్ను. మనింట్లో పేరు రాయడం వచ్చిన మొదటి మనిసి అది," అని ఒడ్డునే నిలబడిపోయింది. మా నాన్నకి పౌరసత్వం కాగితం ఉంది కనుక మేము ఉండగలిగాం. నా పరీక్ష అయింది, పాసయ్యాను, ఉద్యోగం కూడా వచ్చింది. అమ్మమ్మ వెళ్ళలేదు. తాత రమ్మనలేదు. ఇద్దరూ నన్ను మాత్రం ప్రతి ఉత్తరంలో ఒకరి గురించి ఒకరు "ఊరికే" అడుగుతుంటారు.

తాతా, నీ చుట్ట తగ్గించావా అని అమ్మమ్మ అడగమంది. అడగమన్నట్టు రాయవద్దని కూడా అంది.

రత్నం


విశాఖపట్నం, కంచరపాలెం
11 జూలై 1966

చిరంజీవి రత్నానికి పోలయ్య తాత ఆశీస్సులు. చెప్పేది ఆయన, రాసేది కనకరాజుని. మాటలు కొంచెం బాగుచేసి రాయబోయాను. "నా మనవరాలికి నా గొంతు తెలుసు మాస్టారూ, మధ్యలో మీ గొంతు పెట్టకండి," అన్నాడు. కనుక ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి వినిపిస్తుంటే గాలి దగ్గరికి వచ్చేసరికి మీ తాత వీధి అరుగు మీద పడి నవ్వడం మొదలుపెట్టాడు. పక్కింటివాళ్ళు వచ్చి చూశారు. తరవాత కళ్ళు తుడుచుకుని ఇలా చెప్పాడు.

"ఒలె గుంటా, వానాకాలం సేక్కాన్ రేవులో గాలి ఎటునుంచి కొడతాదే? సముద్రం మీంచి, పడమటినుంచి కాదా? మరి ఇమానం పడమటికెల్లేటప్పుడు ఆ గాలి ఎనకనుంచెలా తోత్తాది? ముకం మీద కొడతాది గానీ! పదో కలాసు పుస్తకంలో ఆ ముక్క రాయనేదా? నువ్వు సదువుకోడానికని నా పెల్లాం అక్కడుండిపోనాది. రెండేల్లు నా వంట నాను వండుకుంటన్నాను. నువ్వు నేర్సుకున్నదిదా?

"ఆ గంట సంగతి నాను సెప్తాను ఇను. నాను వచ్చిన ఓడలో దారిలో రెండు మాట్లు గడియారం ఎనక్కి తిప్పేరు. అరగంటా, అరగంటా. రంగూన్లో ఒంటిగంటైతే ఇక్కడ పన్నెండే. మనకన్నా మీకు బేగి తెల్లారతాది. నీ ఇమానం అటెల్లినా ఇటొచ్చినా ఒకటే సేపు, రెండు గంటల ఇరవై. నీ కాయితంలో ఆ ఊరి టైము ఆ ఊరిది, ఈ ఊరి టైము ఈ ఊరిది రాసున్నాది. వేలిముద్ర గాడికి తెలిసింది, సంతకం పెట్టేదానికి తెలీలేదు."

వేలిముద్ర మాట చెప్పి ఇంకోసారి నవ్వాడు. ఇది నాలుగైదు రోజులు సాగింది. చేపలమ్మే ఆమెకి కూడా చెప్పాడు.

అమ్మమ్మకి ఇలా చెప్పమన్నాడు. "మోసం ఏటీ నేదని సెప్పు. నాను రమ్మంటన్నానని మాత్రం అనుకోవద్దని సెప్పు. టైము ఎంత పడతాదో తెలుసుకోడంలో తప్పేటున్నాది?" చుట్ట విషయంలో "తగ్గించినాను" అన్నాడు. అది నేను రాశాను, అంతే.

అంతకుముందు ఉత్తరంలో నువ్వు తాతనే ఒకసారి వచ్చి చూసిపొమ్మని రాశావు కదా, దానికి జవాబు: "అక్కడ మాలాటోల్లకి ఇరవైనాలుగ్గంటలే ఉండనిస్తారంట. మీ అమ్మమ్మతో దెబ్బలాట మొదలెట్టి సగానికి రాకముందే టైమైపోద్ది. నడుమ ఆపీసి ఇమానమెక్కడం నావల్ల కాదు."

ఇక్కడితో ఆయన మాట అయింది. ఇకపైది నాది. నిన్న ఆయన నన్ను వాల్తేరు స్టేషనుకి తీసుకువెళ్ళి, గోడ మీది పట్టికలో హౌరా బండి టైము చదవమన్నాడు. చదివాను. కాసేపు పచార్లు చేసి వచ్చి మళ్ళీ చదవమన్నాడు. మూడోసారి కూడా చదివాను. హౌరాలో సాయంత్రం ఎక్కితే మర్నాడు మధ్యాహ్నానికి వాల్తేరు, ఐదువందల యాభై మైళ్ళు. ఎవరొస్తున్నారని అడిగాను. "ఎవులూ రారు మాస్టారూ. ఊరికే," అన్నాడు.

కనకరాజు


రంగూన్
14 ఆగస్టు 1966

తాతకి, మాస్టారికి దణ్ణాలు.

గాలి సంగతి ఇంక ఎత్తకు తాతా. మా ఖిన్‌కి చెబితే ఆమె కూడా నవ్వింది. వాళ్ళ అన్నయ్యకి చెప్పిందట, మింగళాడోన్‌లో అందరూ నవ్వారట. ఒక్క తప్పుతో రెండు దేశాలని నవ్వించాను. పదో తరగతి చదివినందుకు అదైనా దక్కింది. నేను ఆ కాగితాన్ని మళ్ళీ చూశాను. కింద చిన్న అక్షరాల్లో "ఆయా ఊళ్ళ సమయం" అని ఇంగ్లీషులో ఉంది. చదవడం వచ్చినవాళ్ళకి చూడడం కూడా రావాలని ఇప్పుడు తెలిసింది.

అమ్మమ్మకి నీ లెక్క అంతా వివరించాను. రెండు చెంబులు పెట్టి, ఒకటి రంగూన్, ఒకటి కలకత్తా అని చూపించాను. కలకత్తా చెంబుని కాస్త ముందుకి జరిపింది. తరవాత, "అంటే పోయేటప్పుడు ఒక గంట మనకి ఇత్తారు, తిరిగొస్తే లాగేసుకుంతారు," అంది. అవునన్నాను. "మరి తిరిగి రానోల్లకి ఆ గంట ఉండిపోద్దా?" అంది. నేను రెండు చెంబులనీ మళ్ళీ చూశాను. "ఉంచుకుని ఏటి సేసుకుంతాంలే," అని ఆమే లేచి నీళ్ళు పట్టడానికి వెళ్ళింది.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. అమ్మమ్మకి దేశం విడిచి వెళ్ళే అనుమతి కాగితం వచ్చింది. నేనే దరఖాస్తు నింపాను. ఆమె వేలిముద్ర వేసింది. వేస్తూ, "ఏలు పెట్టినంతమాత్రాన ఎల్తాననలేదు సుమీ," అంది. నవంబరు ముప్పైలోగా వెళ్ళాలి. దాటితే ఆ కాగితం చెల్లదు, మళ్ళీ ఇస్తారన్న నమ్మకం లేదు. వెళ్ళేటప్పుడు విదేశీయుల రిజిస్ట్రేషన్ పుస్తకం మింగళాడోన్‌లోనే ఇచ్చేయాలి. అది ఇచ్చేశాక తిరిగి రావడానికి దారి లేదు. ఓడల మాట ఇప్పుడు ఎవరూ చెప్పడం లేదు కనుక విమానమే.

వెళ్తావా అని అడిగాను. ఇదీ జవాబు:

"పుట్టింటికెల్లిన దాన్నైనా మొగుడో మరిదో వచ్చి తీసుకెల్తారు. రాలేకపోతే పెద్దమనిసి సేత కబురంపుతారు. ఎవులూ పిలవకుండా మూట కట్టుకుని నాకు నానే ఎల్లిపోతే, అక్కడోల్లు ఏటంతారు? రమ్మని ఒక్క మాట రాయమను. ఎంతసేపు పడతాది, బండి ఎన్ని గంటలకి అని కాదు. రమ్మని. అప్పుడెల్తాను."

"నువ్వేటంతావే?" అని నన్ను కూడా అడిగింది. నీ ఇష్టం అమ్మమ్మా అన్నాను. పెద్దవాళ్ళ మధ్య నేనేం చెప్పగలను?

తాతా, ఒక్క మాట. మాస్టారి చేత రాయించు. ఒక్క మాటకి మాస్టారేమీ విసుక్కోరు. ఈ ఉత్తరం నీకు చేరడానికి నెల, నీ జవాబు ఇక్కడికి రావడానికి నెల. గురువారం గురువారం విమానం ఉంది, అది రెండు గంటల ఇరవై నిమిషాల్లో వెళ్ళిపోతుంది. అదే విమానంలో వెళ్ళే ఉత్తరానికి మాత్రం ముప్పై రోజులు. ఇది ఏ గాలి వల్లో నువ్వే చెప్పాలి.

రత్నం


విశాఖపట్నం, కంచరపాలెం
20 సెప్టెంబరు 1966

చిరంజీవి రత్నానికి ఆశీస్సులు.

ఈ ఉత్తరం రాయడానికి నాలుగు రోజులు పట్టింది. మొదటిరోజు మీ తాత నీ ఉత్తరం విని లేచి వెళ్ళిపోయాడు. రెండోరోజు వచ్చి కూర్చుని, చుట్ట కాల్చుకుని వెళ్ళాడు. మూడోరోజు మాట్లాడాడు గాని రాయవద్దన్నాడు. ఈరోజు రాయమన్నాడు.

"పుట్టింటికెల్లిన దాన్ని పిలుత్తారు. ఒడ్డున నిలబడిపోనదాన్ని ఎవుడు పిలుత్తాడు? ఆ రోజు ఓడ కదిలిందాకా నాను పైనుంచి సూత్తూనే ఉన్నాను. సేక్కాన్ రేవులో అంత జనంలో ఆ ఆకుపచ్చ కోక ఒక్కటే నా కంటికి కనపడతాంది. సెయ్యి కూడా ఎత్తనేదు. ఇప్పుడు నన్ను పిలవమంటాదా? నాను పిలవను. నలభై ఏల్ల కాపరంలో నాను పిలిసిందీ నేదు, అది పలికిందీ నేదు. మా ఇద్దరికీ అదలవాటు నేదు.

"ఐతే ఊరికే సెప్తన్నాను, రాసుకో. కలకత్తాలో ఎవులైనా దిగితే, దిగితే అంటన్నాను, దిగమన్నేదు, జనం ఎటెల్తే అటెల్లకూడదు. మూట ఎవుల సేతికీ ఇవ్వకూడదు. బయట గేటు దగ్గర నీలం తలపాగా కట్టుకుని ఒక ముసిలోడు నిలబడుంటాడు. నవంబర్లో ప్రతీ గురువారం ఉంటాడు. ఎందుకుంటాడో ఆడికే తెలుసు. సెవులో దూది పెట్టుకోవాల. ఎక్కేముందు పులుపు తినకూడదు. హౌరా బండిలో కిటికీ పక్కన కూకోబెడతాడు. అంతే. ఇంకేటీ నేదు."

ఇక్కడ నేను కలం ఆపి, "పోలయ్యా, ఇన్ని చెప్పావు, 'రా' అన్న ఒక్క మాట చెప్పు, రాసేస్తాను," అన్నాను. "అదొక్కటీ సెప్పను," అన్నాడు. నేనే రాసేస్తానన్నాను. "మీరు రాస్తే నాకు తెలుత్తాది. పోస్టాఫీసు దగ్గర ఇంకోడి సేత సదివించుకుంటాను," అన్నాడు. నేను నలభై ఏళ్ళు బడిలో మొండివాళ్ళని చూశాను. ఈ వయసువాణ్ణి చూడలేదు.

నవంబరులో ప్రతి గురువారం కలకత్తాలో ఉండడం ఎలా అని నీకు సందేహం రావచ్చు. నెలంతా అక్కడే ఉంటాడట. రంగూన్లో తనతో పనిచేసిన లింగరాజు ఇప్పుడు అక్కడి ఖిదిర్‌పూర్ రేవులో ఉన్నాడట. ఉన్న ఒక్క గదికి తానే సున్నం వేశాడు. ఇంట్లో ఒకే పీట ఉండేది, ఇప్పుడు రెండున్నాయి. నేను చూస్తున్నానని రెండోదాన్ని చాప కింద దాచాడు. ఇవి రాయవద్దన్నాడు. అవి ఆయన మాటలు కావు, నా కళ్ళు చూసినవి కనుక రాస్తున్నాను. మీ అమ్మమ్మకి చదివి వినిపిస్తావో మానేస్తావో నీకే వదిలేస్తున్నాను.

కనకరాజు


రంగూన్
16 నవంబరు 1966, బుధవారం

కనకరాజు మాస్టారికి నమస్కారాలు.

మాస్టారూ, దయచేసి ఈ ఉత్తరం పైకి చదవకండి. ముందు మీరొక్కరే మనసులో చదువుకోండి. ఇది పోస్టులో రావడం లేదు. అమ్మమ్మ మూటలో వస్తోంది. తన చేతులతో తానే మీకు ఇస్తుంది. ఇందులో ఏముందో ఆమెకి తెలియదు. "కొత్త మాస్టారికి కృతజ్ఞతలు రాశాను," అని చెప్పాను.

నేను ఒక తప్పు చేశాను. గాలి లాంటి తప్పు కాదు, తెలిసి చేసిన తప్పు.

మీ సెప్టెంబరు ఉత్తరం అక్టోబరు చివర వచ్చింది. అమ్మమ్మ చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. మొదటినుంచి చదివాను. ఆకుపచ్చ కోక దగ్గర నవ్వింది. "సెయ్యెత్తితే ఏడుపొత్తాదని ఎత్తనేదు. అది కూడా తెలీదా ఆ మనిసికి," అంది. దూది, పులుపు, గేటు, తలపాగా అన్నీ విన్నది. సున్నం సంగతి, రెండో పీట సంగతి కూడా చదివాను. క్షమించండి. అయిపోయాక, "అంతేనా?" అంది.

నేను కాగితం మడిచి, అంతే అనాలి. అనలేకపోయాను. నవంబరు దగ్గరికి వచ్చేసింది. మళ్ళీ అడిగి జవాబు తెప్పించే సమయం లేదు. "ఇంకో మాట ఉంది అమ్మమ్మా, చివర. రమ్మన్నాడు," అన్నాను.

"ఎక్కడున్నాది? ఏలు పెట్టి సూపించు," అంది.

చూపించాను. నిజానికి నా వేలు "తలపాగా" మీద ఉంది.

ఆమె వంగి దాన్ని చాలాసేపు చూసింది. "రమ్మనడానికి ఇంత పొడుగు మాట కావాలా?" అంది. నేను వేలు అక్కడే ఉంచాను. "మర్యాదగా పిలిచాడు అమ్మమ్మా. 'దయచేసి రావలసినది' అని," అన్నాను.

"ఓహో," అంది. మర్నాడు పెట్టె కిందికి దింపించింది.

అందుకని మాస్టారూ, మీరు తాతని పక్కకి పిలిచి చెప్పండి. ఆమె అడిగితే, పిలిచాను అనమనండి. మర్యాదగా పిలిచానని కూడా అనమనండి. కలకత్తాలో దిగిన దగ్గరనుంచి మీ ఇల్లు చేరేదాకా రైల్లో ఆ మాట రాకుండా ఉండాలని మొక్కుకుంటున్నాను. వాళ్ళిద్దరూ మామూలుగా దేన్ని గురించీ మాట్లాడుకోరు కనుక, రాకపోవచ్చు. వచ్చిందంటే నేను రెండువైపులా దొంగనవుతాను. రేపు ఒంటిగంటకి విమానం. ఖిదిర్‌పూర్ రేవులో లింగరాజు పేరున తాతకి టెలిగ్రాం ఇచ్చాను. అందులో "గురువారం" అని తప్ప ఇంకేమీ లేదు.

తప్పు చేశాను గాని, ఎందుకు చేశానో కూడా రాయాలి. నా చదువు కోసమే ఆమె ఆగిపోయింది. రెండేళ్ళుగా రోజూ నా అన్నం గిన్నె సర్ది, "బేగి రాయే" అని వీధి చివరిదాకా వస్తుంది. నాకు అది అలవాటైపోయింది. వెళ్తావా అని అడిగిన ప్రతిసారీ, వెళ్ళనంటుందేమోనని భయపడ్డానో, వెళ్తానంటుందేమోనని భయపడ్డానో నాకే తెలియదు. తాత పిలవలేదన్న మాట నిజమే. కాని దాని చాటున నేనూ హాయిగా దాక్కున్నాను. ఇంక దాక్కోవడం బాగుండదనిపించింది.

ఆమెకి పులుపు పెట్టకుండా చూసుకున్నాను. దూది మూట చివర కట్టాను.

రత్నం


విశాఖపట్నం, కంచరపాలెం
25 నవంబరు 1966

చిరంజీవి రత్నానికి లక్ష్మీనరసమ్మ అమ్మమ్మ ఆశీస్సులు. రాసేది కనకరాజుని.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. నలభై ఏళ్ళుగా ఏ కాగితం చేతికిచ్చినా పైకి చదవడమే నాకు అలవాటు. మీ అమ్మమ్మ మూట విప్పి ఉత్తరం ఇచ్చింది. నేను కళ్ళజోడు పెట్టుకుని, "మాస్టారూ, దయచేసి ఈ ఉత్తరం పైకి చదవకండి," అని బిగ్గరగా పైకి చదివాను. ఆ తరవాత ఆగాను. మీ అమ్మమ్మ రెండో పీట వేసుకుని కూర్చుని, "ఇంక సదవండి," అంది. మొత్తం చదవక తప్పలేదు.

ఇంతకీ రైల్లో ఆ మాట రానే వచ్చిందట. ఖరగ్‌పూర్ దాటాక మీ అమ్మమ్మ, "పిలిసినావు కాబట్టొచ్చినాను," అందట. మీ తాత కాసేపు కిటికీలోంచి చూసి, "ఆఁ, పిలిసినాను," అన్నాడట. ఎందుకలా అన్నావని నేను ఇప్పుడు అడిగాను. "ఇమానం దిగి గేటు దగ్గరికొచ్చి నా ఎదురుగా నిలబడ్డాక, పిలవనేదని ఎలా అంతాను మాస్టారూ?" అన్నాడు. ఆ పైన, నీ సంగతి తెలిశాక, "దయచేసి అని కూడా అన్నానా నాను?" అని రెండుసార్లు అడిగాడు. అది మాత్రం ఒప్పుకోనన్నాడు. ఇప్పుడు నా కళ్ళెదుటే కొట్లాడుకుంటున్నారు. గేటు దగ్గర నీలం తలపాగా కాదు, తెల్లది కట్టాడట. ఈమె గుర్తుపట్టకుండా దాటిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చిందట. "మొగుణ్ణి గుర్తు పట్టడానికి తలపాగా కావాలా?" అని ఆయన. "సెప్పిందొకటి, కట్టిందొకటి," అని ఈమె.

ఇక ఇది మీ అమ్మమ్మ మాట. నా గొంతు పెట్టవద్దని ఆమె కూడా అంది.

"ఒలె గుంటా. ఇమానంలో బయపడనేదు. పక్కనున్న బెంగాలీ ఆవిడ బయపడతాంటే సెయ్యట్టుకున్నాను. సప్పరించడానికి గోలీ బిల్ల ఇచ్చేరు, తిన్నాను. పుల్లగా ఉన్నాది, తెలీక తినీసినాను, మీ తాతకి సెప్పనేదు, ఇప్పుడింటన్నాడు. కలకత్తాలో గోడ మీద గడియారం సూపించమన్నాను. రెండూ ఇరవైయ్యే. సరిగ్గానే సెప్పేరు.

"నువ్వు ఏలెట్టి సూపించినప్పుడే అది మీ తాత మాట కాదని నాకు తెలిసిపోనాది. దయచేసంటాడా ఆడు? నలభై ఏల్లలో అన్నం పెట్టమని కూడా అడగనేదు. వచ్చి పీట మీద కూకుంటాడు, అంతే. నవంబరు నెలంతా గేటు కాడ నిలబడతానన్నాడంటే, అదే పిలుపు. ఆ ముక్క నువ్వు సదివినప్పుడే అనుకున్నాను. మరి ఇంకా అంతేనా అని ఎందుకడిగినానో తెలుసా? మీ తాత మాట కోసం కాదే. నీ మాట కోసం.

"నీకోసం ఆగినదాన్ని, నువ్వు సెప్పకుండా ఎలా కదుల్తాను? నాలుగు మాట్లు అడిగినాను, నువ్వేటంతావే అని. నాలుగు మాట్లూ నీ ఇష్టమన్నావు. నీ ఇష్టమంటే ఏటి? ఉండమనా, ఎల్లమనా? దాన్ని పట్టుకుని నాను ఇమానమెక్కాలా? అబద్దమైతేనేటి, నువ్వు నా ముకం సూసి రమ్మన్నాడని సెప్పినావు సూడు, అప్పుడు నాకర్దమైపోనాది, ఈ గుంట నన్నెల్లమంతాంది, తట్టుకుంతాది అని. అందుకే పెట్టె దింపించినాను.

"గిన్నె నువ్వే సర్దుకుంతన్నావా? మూత గట్టిగా పెట్టు, పులుసు కారిపోద్ది. ఇక్కడ గది బాగానే ఉన్నాది. సున్నం సగం పీట మీదే ఏసీసినాడు.

"ఇంకొక్క మాట. మీ తాత నాకన్నా ముందే మాస్టారికి సెప్పీసినాడు, రత్నాన్ని కూడా రమ్మని రాయండి అని. మనవరాలికైతే మాత్రం పిలుపు నోట్లోంచి బేగి ఊడిపడతాంది ఆడికి. నాను రాయొద్దన్నాను. నిన్ను పిలవం. పిలిస్తే మాకోసమొచ్చీత్తావు, నీ ఉద్యోగం పోద్ది. నీకే రావాలనిపించిన రోజు రా. రాకూడదనిపిస్తే అక్కడే ఉండు, నాకేటీ కోపం రాదు. ఎప్పుడైనా అడుగుతాను, నువ్వేటంతావే అని. వస్తానని రాయి, రానని రాయి. నీ ఇష్టం అని మాత్రం రాయకు."